నూట అయిదో కవరు

దర్జీ చెయ్యి కదా, పట్టు గట్టిది. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులోకి లాక్కుని పడుకున్న మనిషి సిస్టరమ్మ చేతిని కత్తెర పిడిలా బిగించి పట్టుకుని అరుస్తున్నాడు.

"ఆపండి బాబోయ్! చచ్చిపోతున్నా! అమ్మా, నువ్వైనా చెప్పమ్మా!"

"వంపు దగ్గరున్నాం. ఒక్క నిమిషం," అన్నాడు పెద్ద డాక్టరు, తెర మీంచి చూపు తిప్పకుండా. ఆయన ఒక్క నిమిషం అంటే గోడ గడియారంలో నాలుగు. పదకొండేళ్ళుగా అదే గదిలో, అదే మంచం పక్కన నిలబడుతున్న సిస్టరమ్మకి ఆ లెక్క తెలీనిది కాదు. ఆయా రెండు అరచేతులూ దర్జీ పొట్ట మీద ఆనించి ఒంటి బరువంతా వేసింది. అలా నొక్కిపట్టకపోతే గొట్టం పేగులో చుట్టలు చుట్టుకుంటుంది. గాలి లోపలికి పోతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"ఇంకో అర సీసీ ఇవ్వమంటారా?" అడిగింది సిస్టరమ్మ.

"ఆక్సిజన్ చూశారా? తొంభై రెండు. ఇప్పటికే నిండుగా ఇచ్చాం. వద్దు."

దర్జీ ఇంకోసారి అరిచాడు. ఈసారి మాటలేం లేవు, ఉత్త కేక. ఆ కేకకి బయట బెంచీ మీద వరసలో కూర్చున్నవాళ్ళు ఏమైపోతారో అని సిస్టరమ్మ కాలితో తలుపు ఇంకాస్త దగ్గరికి నెట్టింది.

గంట తిరిగేసరికి అదే దర్జీ పక్క గదిలో వాలుకుర్చీలో కూర్చుని, టీలో బిస్కెట్ ముంచుకుంటూ, "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అన్నాడు.

"అయిపోయిందండీ."

"అయిపోయిందా! ఓరి నాయనో! నేనింకా పిలుస్తారేమోనని కూర్చున్నా."

"ఏం తెలియలేదు కదా?"

ఈ మాట సిస్టరమ్మ సొంతం. మెలకువ వచ్చిన ప్రతివాడినీ ఇలాగే పలకరిస్తుంది. భయపడి వచ్చినవాళ్ళు ధైర్యంగా ఇంటికెళ్తారని ఎప్పుడో మొదలెట్టింది. ఆ మాట ఆమె నాలుక మీద అరిగి నున్నగా అయిపోయింది.

"ఏం తెలీలేదమ్మా, మీ పుణ్యాన," అన్నాడు దర్జీ. ఆమె సున్నా నుంచి పది దాకా గీతలున్న అట్టముక్క చూపించి, నొప్పి ఎంతో వేలు పెట్టమంది. ఆయన నవ్వుతూ సున్నా మీద పెట్టాడు. ఆమె కాయితం మీద సున్నా వేసింది. రాస్తున్న చేతి మణికట్టు దగ్గర ఆయన బొటనవేలు నొక్కిన చోట ఇంకా ఎర్రగా ఉంది.

ఇదీ వరస. ఆరు నెలలుగా ఇదే వరస.

సంగతేమిటంటే, ఆ ఆసుపత్రిలో పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్ళే పేగు పరీక్షలకి రెండు రకాల మత్తు ఉంది. మొదటిది రెండు సూదులు: ఒకటి నొప్పికి, ఒకటి మగతకి. సిస్టరమ్మే ఇస్తుంది, వేరే డాక్టరు అక్కర్లేదు. రెండోది తెల్ల మందు. పాలలా ఉంటుంది, నరంలోకి వెళ్తూనే మనిషి లోకంలో ఉండడు. కానీ దానికి తలదగ్గర మత్తు డాక్టరు కూర్చోవాలి. ఆయన వచ్చేది వారానికి రెండు రోజులు. పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు మూడువందల నలభైమంది. రెండు పద్ధతులూ ఒకటే అని తేలితే మత్తు డాక్టరు కోసం ఆగక్కర్లేదు, వారానికి అయిదు రోజులు సూదులతో చేసెయ్యొచ్చు. పెద్ద డాక్టరు నూట ఇరవై కవర్లు పెట్టించాడు. ఎవరికి ఏ మత్తో కవరు చెప్తుంది, మనుషులు చెప్పకూడదు. లేచాక నొప్పి ఎంతో రోగి చెప్తాడు. దర్జీది నూట నాలుగోది. ఇప్పటిదాకా సూదులవాళ్ళకీ సున్నాలే, తెల్ల మందువాళ్ళకీ సున్నాలే.

ఆ మధ్యాహ్నం గొట్టాలు కడిగే గదిలో చేతి తొడుగులు ఊడదీస్తూ సిస్టరమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"డాక్టరుగారూ, ఆయన అంత అరిచాడు కదా. కాయితంలో అది ఎక్కడా రాయమా?"

పెద్ద డాక్టరు నడుముకి కట్టుకున్న బెల్టు వదులు చేసుకుంటున్నాడు. ఉదయం నుంచి నిలబడే ఉన్నాడు, ముఖం పీక్కుపోయింది.

"నొప్పి ఎంతో చెప్పాల్సింది రోగి సిస్టర్. మీరూ నేనూ కాదు. ఆయన సున్నా అన్నాడు."

"గుర్తులేక అన్నాడు."

"గుర్తులేని నొప్పి ఎవరికి నష్టం చెప్పండి? మొన్న ఒకావిడ నాలుగు నెలలు ఆగి వచ్చింది. పేగులో గడ్డ పిడికిలంత. ఆ నాలుగు నెలలు ఆవిడకి గుర్తుంటాయి."

ఆమె అక్కడే స్టూలు మీద కూర్చున్న మత్తు డాక్టరు వైపు చూసింది. ఆయన చేతులెత్తేశాడు. "నన్ను లాగకండి. నేనేమన్నా నా కుర్చీ కోసం అంటున్నాననుకుంటారు."

*

బుధవారం మధ్యాహ్నం సిస్టరమ్మ చెల్లెలు వచ్చింది. బడిలో లెక్కలు చెప్తుంది, నోరు కూడా లెక్కప్రకారమే ఉంటుంది. నెలరోజులుగా రక్తం పడుతుంటే మొలలని సర్దిచెప్పుకుంది. అక్క బలవంతం మీద చివరికి వచ్చింది. కవర్ల లెక్కలో చేరితే రేపే అవుతుంది, చేరకపోతే మూడు నెలలు. సంతకం పెట్టేసింది.

"అక్కా, పేగు కడిగే ఆ మందు నీళ్ళు రెండు లీటర్లు తాగాలటగా? కుడితి తాగినట్టుంటుందని మీ మరిది భయపెడుతున్నాడు."

"వాడు తాగాడా ఏమన్నానా? మూసుకుని తాగు. రేపు పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ కడుపుతో రా."

చెల్లెలు నవ్వింది. నవ్వి, సంచీ భుజానికి తగిలించుకుని, మళ్ళీ ఆగింది. "అక్కా, నొప్పెడుతుందా?"

చిన్నప్పుడు పన్ను ఊడేముందు అడిగిన గొంతే. సిస్టరమ్మ నోటికి అలవాటైన మాట వచ్చింది. "ఏం తెలీదే."

అది వెళ్ళాక సిస్టరమ్మ రేపటి జాబితా రాయడానికి కూర్చుంది. వరస రాసేది ఆమే. షుగరున్నవాళ్ళు ముందు, తర్వాత మిగతావాళ్ళు పేరిచ్చిన వరసలో. పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతి, ఆయనే నేర్పించాడు. రేపు షుగరువాళ్ళెవరూ లేరు. మొదటి పేరు చెల్లెలిది, రెండోది ఒక బస్సు కండక్టరమ్మది. మొదటి మనిషికి నూట అయిదో కవరు, రెండో మనిషికి నూట ఆరు.

కవర్లు రెండూ డబ్బాలోంచి తీసి బల్ల మీద పెట్టబోయింది. బల్ల మీద చోటు లేక పక్కనున్న ఎక్స్‌రే చూసే లైటు డబ్బా మీద పెట్టింది. పొద్దున ఎవరో చూసి వెలిగించే వదిలేశారు. గుమాస్తా తెచ్చిన కవర్లు, ఎంత పల్చనివంటే లోపలి కాయితం మీది అచ్చు నీడలా పైకి తేలింది. నూట అయిదులో రెండు వరసలు. అంటే రెండు మందుల పేర్లు. సూదులు. నూట ఆరులో ఒకటే వరస. తెల్ల మందు.

ఆమె గబుక్కున లైటు ఆర్పేసింది. ఎవరూ లేరు. నడవాలో ఆయా బకెట్టు ఈడుస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

కవర్లని ఏమీ చెయ్యలేదు, ఒట్టు. చింపలేదు, అంకెలు దిద్దలేదు. జాబితా కాయితం మీద మాత్రం మొదటి పేరు కొట్టేసి, దాని పైన కండక్టరమ్మ పేరు రాసి, కింద చెల్లెలి పేరు రాసింది. రెండు నిమిషాల పని. కలం మూత పెట్టింది. ఛీ, నాకేమొచ్చింది అనుకుంది. అనుకుని కూడా కాయితం మార్చలేదు. దర్జీ కేక చెవిలోంచి పోలేదు మరి. ఎంత చదువుకున్నా, ఎంత న్యాయం మాట్లాడినా, తన దాకా వస్తే మనిషి మనిషే.

*

కండక్టరమ్మ గదిలోకి రావడమే సందడిగా వచ్చింది. యాభై దాటిన మనిషి. వెనక బొందులున్న గౌను వేసుకుని, దాన్ని ఒక చేత్తో మూసి పట్టుకుని, "ఏమ్మా, ఈ బట్ట కుట్టినవాడు ముందు ఏదో వెనక ఏదో చూసుకోడా?" అంది. ఆయా నవ్వింది. తోడు వచ్చిన పక్కింటావిడ బయట చెప్పులు కాపలా కాస్తోంది.

"నువ్వేనా నా దగ్గరుండేది?" అని సిస్టరమ్మని అడిగింది. "చెయ్యి పట్టుకుంటావా? నాకు సూదంటే భయం. నవ్వకు."

"పట్టుకుంటానమ్మా."

పెద్ద డాక్టరు నూట అయిదో కవరు చింపి చదివాడు. "సూదులు," అన్నాడు. మత్తు డాక్టరు లేచి బయటికెళ్ళాడు. సిస్టరమ్మ మందు లాగింది, బుడగ తట్టింది, నరంలోకి మెల్లగా ఎక్కించింది. కండక్టరమ్మ కళ్ళు వాలాయి. "బాగుంది," అంది మత్తుగా.

ఆ బాగు ఆరు నిమిషాలు. గొట్టం మొదటి వంపు దగ్గర ఆగింది. కండక్టరమ్మ కళ్ళు తెరిచింది. ఎవరినీ చూడని కళ్ళు.

"ఆపు," అంది.

"అయిపోయింది, ఒక్క నిమిషం."

"ఆపు డ్రైవరూ! ఆపు! దిగేవాళ్ళున్నారు! ఆపమంటే ఆపవేం!" ఆమె బస్సులో అరిచినట్టే అరిచింది, పొట్టలోంచి వచ్చే గొంతు. ఆయాకి ముందు నవ్వు రాబోయింది, మరుక్షణం తల వంచేసుకుని పొట్ట నొక్కిపట్టింది. కండక్టరమ్మ సిస్టరమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కింది పెదవి పళ్ళ మధ్య నలిగి రక్తం వచ్చింది. "ఆపండయ్యా, మీకు దణ్ణం పెడతా, నన్ను దింపెయ్యండి." అలా రెండో వంపు దాకా. ఆ తర్వాత మాటలు పోయి ఏడుపు మిగిలింది.

సిస్టరమ్మ చెయ్యి లాక్కోలేదు. ఇంకా లోతుగా దిగనీ అనుకుంది. పెదవి మీది రక్తం దూదితో తుడిచింది. ఈ చోటు నీది కాదమ్మా, మా చెల్లెలిది అని నోటిదాకా వచ్చింది. ఎవరికి చెప్పాలి? వినడానికి అవతల మనిషి లేదు, అరుపే ఉంది.

పేగులో చివరికంటా చూసి, ఒక చిన్న కండ కనిపిస్తే కత్తిరించి తీశారు. ఇరవై ఏడు నిమిషాలు పట్టింది.

తర్వాత చెల్లెలు. నూట ఆరో కవరు. మత్తు డాక్టరు తలదగ్గర కూర్చుని తెల్ల మందు ఎక్కిస్తుంటే "చెయ్యి మండుతోంది అక్కా" అంది. "పది నుంచి వెనక్కి లెక్కపెట్టు," అన్నాడాయన. "పది, తొమ్మిది, ఎని..." అంతే. లెక్కల మేష్టారమ్మ లెక్క ఏడు దాకా కూడా రాలేదు. పదిహేను నిమిషాలు గదిలో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్ద డాక్టరు ఈల వేసుకుంటూ చేశాడు. పేగు శుభ్రంగా ఉంది, మొలలే. సిస్టరమ్మ గోడకి జారబడింది. పోన్లే తల్లీ అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎవరి కోసం తిరిగాయో ఆమెకే సరిగ్గా తెలీదు.

పక్క గదిలో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో లేచారు. కండక్టరమ్మ టీ తాగబోయి "అబ్బా" అని పెదవి తడుముకుంది. "ఇదేంటి, వాచింది?"

"పన్ను తగిలుంటుందమ్మా."

"ఏమో మరి. నువ్వు చెయ్యి పట్టుకుంటానన్నావు, పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"అందుకే ఏం తెలీలేదు. సున్నా వేసుకో తల్లీ. నీ కడుపు చల్లగా ఉండ." ఆమె కళ్ళు సిస్టరమ్మ మణికట్టు మీద ఆగాయి. నాలుగు గీతలు, ఒకదాంట్లో రక్తం ఇంకా తడిగా ఉంది. "అయ్యో! ఎవరు గీరారే అమ్మా అలాగ?"

"పిల్లి," అంది సిస్టరమ్మ.

"మందు రాసుకో. పిల్లి గోరు మంచిది కాదు."

సున్నా వేసింది. పక్క కుర్చీలో చెల్లెలు కూడా సున్నా మీద వేలు పెట్టింది. అది కూడా వేసింది.

*

సాయంత్రం చెల్లెల్ని ఇంట్లో దింపి, మంచం మీద కూర్చోబెట్టి, వంటింట్లో జావ కాచి తెచ్చింది. మరిది ఇంకా రాలేదు. చెల్లెలు జావ తాగుతూ చెప్పుకుపోతోంది. "నిజంగా అక్కా, ఏం తెలీలేదు. బడిలో అందరికీ చెప్తా. ఊరికే భయపడి చస్తారు."

సిస్టరమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. దాచుకుందామనే వచ్చింది. కానీ ఆ "ఏం తెలీలేదు" వినగానే మొత్తం చెప్పేసింది. లైటు డబ్బా, వరసలు, పేరు కొట్టెయ్యడం, కండక్టరమ్మ డ్రైవరుని పిలవడం, పిల్లి.

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది. మెచ్చుకుంటుందనుకుందో, కనీసం ఏడుస్తుందనుకుందో గానీ, అది మండిపడింది.

"నన్నడిగావా? నాకోసం ఇంకొకావిణ్ణి అలా పడెయ్యమని నేనడిగానా?"

"నువ్వు నొప్పెడుతుందా అనడిగావు. నాకు తెలుసు కాబట్టి..."

"తెలిస్తే బయటికి చెప్పాలి. నాకొక్కదానికి తప్పించడమేంటి? ఇన్నాళ్ళూ సున్నాలు వేసింది నువ్వే కదా? నీ చేత్తో నువ్వు అందరికీ ఏమీ లేదని రాసి, నీ చెల్లెలి దగ్గరకొచ్చేసరికి ఉందన్నావు."

సిస్టరమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. కాసేపటికి చెల్లెలి కోపం లెక్కల్లోకి దిగింది. దాని కోపం ఎప్పుడూ అంతే.

"ఒక్క మాట చెప్పు. ఆ కవర్లు అంత పల్చగా ఉన్నాయన్నావు. ఆ లైటు డబ్బా గది మధ్యలో ఉందన్నావు. ఆరు నెలల్లో చూసింది నువ్వొక్కదానివేనంటావా?"

"ఇంకెవరు చూస్తారే?"

"నాణెం పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ బొమ్మే పడిందనుకో. నాణెం వదిలేసి ఎగరేసినవాడి చెయ్యి చూడమని పిల్లలకి చెప్తాను. పో, వెళ్ళి చూసుకో."

*

శుక్రవారం సిస్టరమ్మ ఏడింటికే వెళ్ళింది. పరీక్షలు లేని రోజు. ఆరు నెలల జాబితాలు ఒక అట్టకి గుచ్చి ఉన్నాయి. ఆసుపత్రి పనివాళ్ళ బంధువులకి పేరు పక్కన "స్టాఫ్" అని రాస్తారు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే వెతికింది. గుమాస్తా భార్య. మందుల షాపాయన బావమరిది. ఆయా తమ్ముడు. రక్తపరీక్షల గదిలో అమ్మాయి వాళ్ళ నాన్న. అలా ఎనిమిది. తన చెల్లెలితో తొమ్మిది.

తొమ్మిదిమందికీ తెల్ల మందే. తొమ్మిది చోట్లా పేరు ఒకచోట కొట్టేసి ఇంకోచోట రాసి ఉంది. తొమ్మిది చోట్లా చేతిరాత ఒకటే. తనది.

ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. "సిస్టరమ్మా, మా ఆవిడని రెండోది చెయ్యవా, పిల్లాణ్ణి బడిలో దింపి వస్తుంది." "మా నాన్నని కాస్త వెనక్కి వెయ్యండి, బస్సు ఆలస్యం." ఎంతసేపూ చిన్న సాయమే అనుకుని రాసిచ్చింది. దానికేముంది, అలాగే అంది.

ఆయా బకెట్టుతో లోపలికొచ్చి అట్ట చూసింది. చూసి అక్కడే ఆగిపోయింది.

"మీ తమ్ముణ్ణి మూడోవాడిగా వెయ్యమన్నావు. ఎందుకే?"

ఆయా తుడుపుగుడ్డ పిండింది. మళ్ళీ పిండింది. "నాకు చదువు రాదు కదమ్మా. అయినా రెండు గీతలకీ ఒక గీతకీ తేడా తెలుస్తుంది. రోజూ ఆ పొట్టలు నొక్కేదాన్ని నేను. నా తమ్ముడి పొట్ట ఎలా నొక్కను?"

"మరి నాకు చెప్పలేదేం?"

"మీకు తెలీదా ఏంటి?" అంది ఆయా, నిజంగానే ఆశ్చర్యపోయి. "అందరికీ తెలుసనుకున్నా."

తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు అందరూ. ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే తమ దొంగతనం ముందు బయటపడుతుంది.

పెద్ద డాక్టరు తొమ్మిదింటికి వచ్చాడు. ఆమె అట్ట ఆయన బల్ల మీద పెట్టి, కూర్చోమనకుండానే కూర్చుంది. ముందు తన సంగతి చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎంత పని చేశారు! ఆరు నెలల శ్రమ సిస్టర్! ఇంకా పద్నాలుగు కవర్లు! మీలాంటివాళ్ళు ఇలా చేస్తారని కలలో కూడా అనుకోలేదు. మూడువందల నలభైమంది ఎదురుచూస్తున్నారు, తెలుసా?"

"తెలుసు. నా మీద ఏం రాయాలో రాయండి, సంతకం పెడతాను. కానీ రెండూ ఒకటే అయితే నేనెందుకు మార్చాను డాక్టరుగారూ? ఆయా ఎందుకు మార్చింది? గుమాస్తా ఎందుకు మార్చాడు? ఈ గదిలో పనిచేసేవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, తమ మనిషికి సూదులు పడనివ్వలేదు."

ఆయన అట్ట లాక్కుని కాయితాలు తిప్పాడు. కోపంగా తిప్పుతున్న చెయ్యి ఒక కాయితం దగ్గర నెమ్మదించింది. ముప్పై ఒకటో నంబరు. స్టాఫ్. ఆయన తల్లి.

"అమ్మని ఆఖర్న వెయ్యమన్నాను. నిజమే," అన్నాడు. "ఆవిడకి షుగరు కదా, అందుకని..."

"షుగరున్నవాళ్ళని ముందు వేస్తాం," అంది సిస్టరమ్మ. "అది నాకు నేర్పింది మీరే."

బయట ఎవరో బెంచీ జరిపారు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే ఆయన ముఖం బాగా ముసలిగా ఉంటుంది.

"ఆ కవరు నేను చూశాను," అన్నాడు. "అంతకుముందు రోజు. వెలుగులో పెట్టి."

ఆమెకి గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆ మూడువందల నలభైమందికి ఇప్పుడేం చెప్పాలో ఇద్దరికీ తెలీదు.

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. "ఆఁ, ఇక్కడున్నారా!" కండక్టరమ్మ. రిపోర్టు కోసం వచ్చింది. పని యూనిఫారంలో ఉంది, పెదవి నల్లగా కమిలింది. "ఏం తేలింది సారూ?"

"తీసిన కండ ప్రస్తుతానికి మంచిదేనమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు, కళ్ళజోడు తడుముకుంటూ. "కానీ మూడు నెలల్లో అదే చోట మళ్ళీ ఒకసారి చూడాలి."

"చూడండి, దానికేముంది! మళ్ళీ ఆ రెండు సూదులే వెయ్యండి. డిపోలో అందరికీ చెప్పేశా, భయపడకండ్రా, ఏం తెలీదు అని. ఇద్దరు పేర్లు రాయించుకోడానికి వస్తామన్నారు."

డాక్టరు సిస్టరమ్మ వైపు చూశాడు. ఆమె లేచి, కండక్టరమ్మ ముందు నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచింది. గీతలు ఎండి నల్లబడ్డాయి.

"ఇది పిల్లి కాదమ్మా. మీ గోళ్ళు."

కండక్టరమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. మెల్లగా తన కుడిచేతి నాలుగు వేళ్ళు ఆ నాలుగు గీతల మీద ఆనించి చూసుకుంది. సరిపోయాయి. ఆ చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో తన పెదవి ముట్టుకుంది.

సిస్టరమ్మ మిగతాది కూడా చెప్పింది. తెల్ల మందు మీకు రావాల్సింది, మీ వరస మార్చి మా చెల్లెలికిచ్చాను అంది. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదనుకుంది.

"నేనరిచానా?"

"అరిచారు."

"ఏమని?"

"ఆపమని. డ్రైవరుని పిలిచారు. దిగేవాళ్ళున్నారన్నారు."

"ఆపారా?"

"లేదమ్మా."

కండక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. కాసేపు తన వేళ్ళనే చూసుకుంది. "ఇరవై ఆరేళ్ళ సర్వీసు," అంది డాక్టరు వైపు తిరిగి, గొంతు పెంచకుండా. "నేను ఆపమంటే ఆపని డ్రైవరు ఒక్కడు లేడు."

ఆమె సిస్టరమ్మ వైపు తిరిగింది.

"నా కాయితం ఏదీ? నిన్న సున్నా వేశావు చూడు, అది తే."

సిస్టరమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది, కలం ఇచ్చింది. కండక్టరమ్మ సున్నాని అడ్డంగా కొట్టేసింది. తర్వాత కలం గాల్లో ఆగిపోయింది. కళ్ళు మూసుకుని ఏదో వెతుక్కుంది లోపల. దొరకలేదు.

"నాకేం గుర్తులేదు," అంది. కలం సిస్టరమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు పక్కనున్నావుగా. ఎంతో నువ్వు వెయ్యి."

సిస్టరమ్మ తొమ్మిది వేసి, కింద సంతకం పెట్టింది. దాని పక్కన చోటు వదిలి కాయితాన్ని పెద్ద డాక్టరు వైపు జరిపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని చాలాసేపు చదివి, సంతకం పెట్టాడు.